పళ్లెం దాకా వచ్చిన హక్కు పలక దాకా రాదా?

గత జూన్‌లో బడులు తెరిచిన వారం నేను మా ఊళ్లో ఉన్నాను. పొద్దున ఏడున్నరకల్లా మండల కేంద్రం నుంచి పసుపు రంగు వ్యానొకటి వచ్చి రచ్చకట్ట దగ్గర ఆగింది. మెడలో టై, వీపున సంచి, నిద్ర తీరని కళ్ళతో మూడేళ్ళ, నాలుగేళ్ళ పిల్లలు అందులోకి ఎక్కారు. ఆ వ్యాను మా వాడ దాకా రాదు. రచ్చకట్ట దగ్గరే మలుపు తిరిగి వెళ్ళిపోతుంది. తర్వాత గంటన్నరకు మా వాడ చివర ఉన్న కమ్యూనిటీ హాలులో అంగన్‌వాడీ తెరుచుకుంది. పదకొండు మంది పిల్లలున్నారు. ఆయా పొయ్యి వెలిగించే పనిలో ఉంది. టీచరు పిల్లల బరువులు తూచి ఫోనులో ఎక్కించే పనిలో ఉంది. గోడకు అక్షరాల పటం ఉంది గానీ దాని ముందు ఎవరూ లేరు.

నాలుగేళ్ళ మనవరాలిని చంకనేసుకుని గడప దగ్గర నిలబడిన మా అక్క నన్నొక ప్రశ్న అడిగింది. ‘తమ్మీ, ఈడ బువ్వ మంచిగనే పెడ్తరు. గుడ్డు సుత ఇస్తరు. గని సదువు చెప్పరంటరు. చెప్పేటోళ్ళ దగ్గరికి తోలాలంటే వ్యానుకు పైసల్ గావాలె. పోరి బువ్వ తినాల్నా, సదువుకోవాల్నా?’

పదిహేనేళ్ళకు పైగా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతున్న నాకు వెంటనే సమాధానం తోచలేదు. పూర్వ బాల్య సంరక్షణ, విద్య మీద ఈ దేశం రాసుకున్న విధాన పత్రాలు చాలా వరకు చదివినవాడిని. వాటిలో ఒక్కటి కూడా మా అక్క ప్రశ్నకు నేరుగా జవాబు చెప్పదు. ఎందుకు చెప్పదో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా ఆ ప్రశ్న వెనుక ఉన్న కథ చెప్పాలి. నేను ఎనభైల తొలి ఏళ్ళలో పుట్టాను. అమ్మ నాట్లకు, కలుపుకు, పత్తి ఏరడానికి పొద్దు పొడవకముందే పోయేది. పొద్దుగూకినాక వచ్చేది. పసిపిల్లవాడిని పొలం గట్టు మీద పడుకోబెడితే దొరసాని ఒప్పుకోదు, ఇంట్లో వదిలితే చూసే దిక్కు లేదు. అప్పటికి మూడో తరగతిలో ఉన్న అక్కను బడి మాన్పించి నన్ను ఆమె చంకకు ఎక్కించారు. నన్ను ఎత్తుకునే ఆమె బడి కిటికీ అవతల నిలబడి లోపల చెప్పే ఎక్కాలు వినేదట. పన్నెండో ఎక్కం దాకా ఆమెకు ఇప్పటికీ నోటికి వస్తుంది. సంతకం మాత్రం వేలిముద్రే. సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం, అంటే మనం ఐసీడీఎస్ అని పిలిచేది, 1975 అక్టోబరు 2న దేశవ్యాప్తంగా 33 ప్రాజెక్టులతో మొదలైంది. నేను బడి ఈడుకు వచ్చేనాటికి కూడా అది మా వాడకు చేరలేదు. నా పేరు ముందున్న ‘డాక్టర్’ అనే మాట కింద మా అక్క మూడో తరగతి పలక ఉంది. దీన్ని వినయం కోసం చెప్పడం లేదు. ఒక కుటుంబంలో ఒక బిడ్డ చదువు మరో బిడ్డ చదువును మింగకుండా ఉండాలంటే రాజ్యం చేయవలసిన పని ఒకటుందని చెప్పడానికే ఈ ప్రస్తావన.

ఆ పని చేయాలని రాజ్యాంగం మొదట్లోనే చెప్పింది. రాజ్యాంగం అమల్లోకి వచ్చిన పదేళ్ళలోగా, పద్నాలుగేళ్ళు నిండేవరకు బాలలందరికీ ఉచిత నిర్బంధ విద్య అందించేందుకు రాజ్యం ప్రయత్నించాలని 45వ అధికరణం నిర్దేశించింది. ఆదేశిక సూత్రాలలో గడువుతో సహా రాసుకున్నది అదొక్కటే. ఆ వాక్యంలో పై హద్దు ఉంది గానీ కింది హద్దు లేదు. ఆరేళ్ళ బిడ్డే కాదు, మూడేళ్ళ బిడ్డ కూడా ఆ వాక్యంలో ఉంది. 1948 నవంబరు 23న రాజ్యాంగ సభలో ఈ అంశం చర్చకు వచ్చినప్పుడు ‘విద్య’ అనే మాటను ‘ప్రాథమిక విద్య’కు కుదించాలన్న సవరణను అంబేద్కర్ అంగీకరించలేదు. పద్నాలుగేళ్ళ లోపు పిల్లలను పనిలో పెట్టరాదని మరో అధికరణం చెబుతున్నప్పుడు, పనిలో లేని బిడ్డ ఏదో ఒక విద్యాలయంలో ఉండి తీరాలి కదా అన్నది ఆయన తర్కం.

ఆ తర్కాన్ని మా అక్కకు అన్వయించి చూడండి. ఎనిమిదేళ్ళ ఆ పిల్ల ఏ కార్ఖానాలోనూ లేదు, ఏ గనిలోనూ లేదు. తమ్ముణ్ణి ఎత్తుకుంది, అంతే. దాన్ని చట్టం పనిగా లెక్కించలేదు. కానీ ఆమె బడిలోనూ లేదు. ఆరేళ్ళ లోపు బిడ్డను చూసుకునే ఏర్పాటు లేకపోతే ఆరేళ్ళు దాటిన ఆడపిల్ల చదువు హక్కు కూడా కాగితం మీదే మిగిలిపోతుంది. ఈ రెండు హక్కులూ ఒకే తాడుకు రెండు కొసలు. విధానకర్తలు ఒక కొసను మాత్రమే పట్టుకున్నారు.

1993లో ఉన్నికృష్ణన్ వర్సెస్ స్టేట్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్ కేసులో సుప్రీంకోర్టు పద్నాలుగేళ్ళ వరకు విద్యను ప్రాథమిక హక్కుగా గుర్తించింది. ప్రైవేటు వృత్తి విద్యా కళాశాలల్లో క్యాపిటేషన్ ఫీజుల వివాదం నుంచి వచ్చిన ఈ తీర్పులోనూ కింది వయసు హద్దు లేదు. ఆ హద్దు 2002లో వచ్చింది. 86వ రాజ్యాంగ సవరణ 21ఏ అధికరణాన్ని చేర్చి ఆరు నుంచి పద్నాలుగేళ్ళ బాలలకు విద్యను ప్రాథమిక హక్కు చేసింది. అదే చేత్తో 45వ అధికరణాన్ని తిరగరాసి, ఆరేళ్ళ లోపు పిల్లలకు సంరక్షణ, విద్య అందించేందుకు రాజ్యం ‘ప్రయత్నించాలి’ అని మాత్రమే అన్నది. ప్రాథమిక హక్కు ఇచ్చారన్న సంబరంలో, సుప్రీంకోర్టు తీర్పు పరిధిలో ఉన్న పసిపిల్లలను పక్కకు జరిపిన సంగతి చాలామంది గమనించలేదు. పక్కకు జరిగింది ఎవరి పిల్లలు? మూడేళ్ళకే ప్లేస్కూలు ఫీజు కట్టగలిగిన ఇళ్ళ పిల్లలకు ఈ సవరణ వల్ల పోయిందేమీ లేదు. పోయిందల్లా మా వాడ పిల్లలకే.

2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ఈ వివక్షను మరింత స్పష్టం చేసింది. మూడేళ్ళు దాటిన పిల్లలకు ఉచిత పూర్వప్రాథమిక విద్య కోసం ప్రభుత్వం ఏర్పాట్లు ‘చేయవచ్చు’ అంటుంది 11వ సెక్షన్. ‘చేయాలి’ అనదు. అదే చట్టం 12వ సెక్షన్‌లో ప్రైవేటు బడులు బలహీన, అణగారిన వర్గాల పిల్లలకు ఒకటో తరగతిలో కనీసం పావు వంతు సీట్లు ఇవ్వాలని, ఆ బడిలో పూర్వప్రాథమిక తరగతులుంటే అక్కడి నుంచే ఇవ్వాలని ఆదేశించింది. అంటే సర్కారు బడిలో లేని హక్కు ప్రైవేటు బడిలో పావు వంతు ఉంది! ప్రైవేటు యాజమాన్యానికి ఆదేశం, తనకు మాత్రం వెసులుబాటు. ఒక చట్టం తనను తాను ఇంతకంటే ఎలా బయటపెట్టుకోగలదు?

2013లో రెండు సంగతులు జరిగాయి. జాతీయ ఆహార భద్రతా చట్టం వచ్చింది. ఆరు నెలల నుంచి ఆరేళ్ళ వరకు పిల్లలకు అంగన్‌వాడీ ద్వారా వయసుకు తగిన ఆహారాన్ని ఉచితంగా ఇవ్వడం దాని ప్రకారం చట్టబద్ధమైన హక్కు. అదే ఏడాది జాతీయ పూర్వ బాల్య సంరక్షణ, విద్యా విధానాన్ని కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది. మొదటిది చట్టం, రెండోది విధానం. పళ్లెంలో గుడ్డు లేకపోతే మా అక్క చట్టం పేరు చెప్పి అడగవచ్చు. పలక మీద అక్షరం లేకపోతే అడగడానికి ఆమె చేతిలో ఏమీ లేదు. ఆమె వేసిన ప్రశ్న అమాయకంగా కనిపించవచ్చు గానీ మన చట్టాల స్వరూపాన్ని అది ఉన్నదున్నట్టు చెప్పింది. ఈ దేశం పేదబిడ్డ ఆకలిని హక్కుగా గుర్తించింది, ఆమె మెదడును ఇంకా గుర్తించలేదు.

ఆహారాన్ని తక్కువ చేసి మాట్లాడుతున్నానని ఎవరూ అనుకోవద్దు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఐదేళ్ళ లోపు పిల్లల్లో 35.5 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. ఎస్సీలలో ఇది దాదాపు 39 శాతం, ఎస్టీలలో దాదాపు 41 శాతం. ఆకలికీ కులముందని చెప్పడానికి ఈ అంకెలు చాలు. ఆ గుడ్డు, ఆ పప్పు, ఆ బాలామృతం పోరాడి తెచ్చుకున్నవి. 2001లో పౌరహక్కుల ప్రజాసంఘం సుప్రీంకోర్టులో వేసిన ఆహార హక్కు కేసు లేకుంటే అవి ఈ మాత్రం కూడా అందేవి కావు. నేను అంటున్నది ఒక్కటే. పిల్ల పెరగడానికి అన్నమూ ఆటా మాటా పాటా అన్నీ కావాలి. వాటిలో ఒకదాన్ని హక్కుగా, మిగతావాటిని దయగా విడదీసే అధికారం ఎవరిచ్చారు?

2013 విధానం చెడ్డదేమీ కాదు. అందులో చాలా మంచి మాటలున్నాయి. ముప్పై మంది పిల్లలకు కనీసం 35 చదరపు మీటర్ల గది, బయట ఆడుకునే స్థలం, మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలు ఇరవై మందికి ఒకరు, మూడేళ్ళ లోపు వారైతే పది మందికి ఒకరు చూసుకునే పెద్దవారు, మాతృభాషలో బోధన. ఇవన్నీ రాజీపడకూడని ప్రమాణాలని అది చెప్పింది. వాటితో పాటే కార్యక్రమ వ్యవధి మూడు, నాలుగు గంటలని కూడా చెప్పింది. ఆ చివరి అంకె దగ్గర ఆగిపోతాను. పిల్లల ఏకాగ్రతను బట్టి ఆ వ్యవధి సరైనదే కావచ్చు. కానీ కూలి తల్లి పనిదినం మూడు గంటలది కాదు. చదువు మూడు గంటల్లో ముగిస్తే మిగిలిన పొద్దంతా బిడ్డ ఎవరి దగ్గర ఉండాలి? అప్పటికి మళ్ళీ ఒక అక్క కావాలి. ‘సంరక్షణ’ అనే మాట విధానం పేరులో ముందుంది, అమలులో వెనకబడింది. గ్రామీణ ఉపాధి హామీ పథకంలో తల్లుల వెంట ఆరేళ్ళ లోపు పిల్లలు ఐదుగురు లేదా అంతకు మించి వస్తే వారిని చూసుకోవడానికి ఒక మహిళను నియమించాలని 2005 చట్టం చెప్పింది. పని ప్రదేశంలో పిల్లల సంరక్షణ సాధ్యమేనని, అదీ కూలి చెల్లించదగ్గ పనేనని రాజ్యం తన చట్టంలోనే ఒప్పుకున్నది. మా ఊరి చెరువు పూడిక పనుల్లో మాత్రం నేను చూసింది చెట్టు కొమ్మకు వేలాడే చీర ఊయలలనూ, వాటిని ఊపే ఏడెనిమిదేళ్ళ ఆడపిల్లలనూ.

విధానం కళ్ళకు కనిపించనిది మరొకటుంది. అది ఊరికీ వాడకూ మధ్య దూరం. ‘అంగన్‌వాడీ’ అనే మాట మన భాషకు మహారాష్ట్ర వైపు నుంచి వచ్చింది. తారాబాయి మోదక్, అనుతాయి వాఘ్ బోర్డి, కోస్‌బాడ్ ప్రాంతాల్లో పనిచేసిన రోజుల్లో, బాలవాడీకి రాని పేద, ఆదివాసీ పిల్లల దగ్గరికే బడిని తీసుకువెళ్ళి వాళ్ళ ఇళ్ళ వాకిళ్ళలో నడిపారు. అంగన్ అంటే వాకిలి. బిడ్డ బడికి రాలేకపోతే బడి బిడ్డ వాకిట్లోకి వెళ్ళాలన్నది ఆ మాట వెనుక ఆలోచన. ప్రభుత్వం ఆ మాటను తీసుకుంది గానీ, ఎవరి వాకిలి అన్న ప్రశ్నను వదిలేసింది. కేంద్రం ఊళ్లో పెడితే వాడ పిల్లలు వెళ్ళడానికి జంకుతారు. వాడలో పెడితే ఊరి పిల్లలు రారు. ఆహార హక్కు కేసులో సుప్రీంకోర్టు 2004లో ఎస్సీ, ఎస్టీ ఆవాసాలన్నింటిలో వీలైనంత త్వరగా అంగన్‌వాడీలు ఏర్పాటు చేయాలని ఆదేశించింది. 2006 డిసెంబరు 13న కేంద్రాల సంఖ్యను 14 లక్షలకు పెంచాలని, అందులో ఎస్సీ, ఎస్టీ ఆవాసాలకు ప్రాధాన్యం ఇవ్వాలని, నలభై మంది పిల్లలున్న ఆవాసం అడిగితే మూడు నెలల్లో కేంద్రం ఇవ్వాలని చెప్పింది. మా వాడలాంటి చోట్లకు అంగన్‌వాడీ వచ్చిందంటే ఈ ఆదేశాల చలవ చాలా ఉంది.

అయితే అంగన్‌వాడీ వాడకు వచ్చేసరికి ఊరు అక్కడి నుంచి జరిగిపోయింది. ఒకప్పుడు ఒకే గదిలో ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలన్న తగువుండేది. ఎవరు వండితే ఎవరు తింటారన్న తగువుండేది. ఇప్పుడా తగువే లేదు. ఎందుకంటే ఒకే గది లేదు. ఊరి పిల్లలు వ్యానులో వెళ్ళిపోయారు. అంటరానితనాన్ని పాటించే శ్రమ కూడా లేకుండా ఫీజు ఆ పని చేసిపెడుతోంది. వాడలోనూ రెండెకరాలో, ఆటోనో, చిన్న ఉద్యోగమో ఉన్నవారు అప్పో సప్పో చేసి పిల్లలను అదే వ్యాను ఎక్కిస్తున్నారు. చివరికి అంగన్‌వాడీలో మిగిలేది మా అక్క మనవరాలి లాంటివారే. ఇలా మిగిలినవారి సంస్థను బాగుచేయమని అడిగే గొంతు రోజురోజుకూ సన్నగిలుతోంది. పలుకుబడి ఉన్నవాడి బిడ్డ లేని బడిని సర్కారు ఎప్పుడు పట్టించుకుంది గనుక?

ఇక్కడ నా సంగతి దాచుకోకూడదు. నా కూతురిని నేను అంగన్‌వాడీకి పంపలేదు. నగరంలో మూడేళ్ళకే ఒక ప్రైవేటు బడిలో చేర్పించాను. దళితుడిగా, తరగతి గదిలో వెనక బెంచీలో కూర్చోబెట్టబడిన వాడిగా, నా బిడ్డకు ఇంగ్లీషు ఆలస్యం కాకూడదని భయపడ్డాను. ఆ భయం నిరాధారమని ఇప్పటికీ అనను. వ్యాను ఎక్కించే తల్లిదండ్రులను మోజు అంటూ వెక్కిరించే హక్కు అగ్రకుల మేధావులకు అసలే లేదు. వాళ్ళు కొంటున్నది ఇంగ్లీషును మాత్రమే కాదు. తమ బిడ్డ తమలా కాకూడదన్న హామీని కొంటున్నారు.

అయితే ఆ హామీ నిజమేనా? అసోం, రాజస్థాన్, తెలంగాణ గ్రామాల్లో సుమారు 14,000 మంది నాలుగేళ్ళ పిల్లలను ఎనిమిదేళ్ళు వచ్చేవరకు గమనించి అంబేద్కర్ విశ్వవిద్యాలయం ఢిల్లీ, అసర్ కేంద్రం పరిశోధకులు 2017లో ఒక అధ్యయనం వెలువరించారు. చాలామంది పిల్లలు ఏదో ఒక పూర్వప్రాథమిక కేంద్రానికి వెళుతూనే ఉన్నా, ఐదేళ్ళకు బడికి సిద్ధం కావలసిన స్థాయికి వారు చాలా దూరంలో ఉన్నారని అది తేల్చింది. అంగన్‌వాడీలో నేర్పడం తక్కువ. ప్రైవేటు బడిలో ఒకటో తరగతి పాఠాన్నే కిందికి లాగి రుద్దుతారు. వయసుకు తగిన ఆట, మాట, కథ రెండు చోట్లా కరువే. అంటే వాడ తల్లి కూలి డబ్బులు పోసి కొంటున్నది కూడా మంచి సరుకు కాదు. ఒక చోట అన్నం ఉండి చదువు లేదు. మరో చోట చదువు పేరుతో నాలుగేళ్ళ పిల్ల చేత వంద వరకు అంకెలు రాయించడం ఉంది. ఈ రెండింటి మధ్య ఎంపికను స్వేచ్ఛ అనలేం.

అంగన్‌వాడీలో నేర్పడం ఎందుకు తక్కువ? టీచరును నిందించడం సులువు. ఐసీడీఎస్ అందించవలసిన ఆరు సేవల్లో పూర్వప్రాథమిక విద్య ఒకటి మాత్రమే. పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, ఆసుపత్రికి పంపడం, తల్లులకు అవగాహన, ఇవన్నీ ఆమె పనులే. వీటి మీద సర్వేలు, రిజిస్టర్లు, యాప్‌లు. ఇంత పని చేసే స్త్రీని రాజ్యం ఉద్యోగి అని పిలవదు. ఆమెకిచ్చేది జీతం కాదు, గౌరవ వేతనం. 2018లో పెంచిన తర్వాత టీచరుకు నెలకు 4,500 రూపాయలు, ఆయాకు 2,250 రూపాయలు కేంద్రం లెక్క. రాష్ట్రాలు దానికి కొంత కలుపుతాయి. అంగన్‌వాడీ ఉద్యోగులు ప్రభుత్వ సివిల్ పదవుల్లో ఉన్నవారు కారని 2006లో సుప్రీంకోర్టు చెప్పింది. అదే కోర్టు 2022 ఏప్రిల్‌లో వారికి గ్రాట్యుటీ హక్కు ఉందని తీర్పు చెబుతూ, ఆహార భద్రతా చట్టం, విద్యాహక్కు చట్టం కింద ప్రభుత్వ బాధ్యతలను నెరవేరుస్తున్నది వీరేనని గుర్తించింది. ఆంధ్రప్రదేశ్‌లో 2023 డిసెంబరు 12న మొదలై 42 రోజులు సాగిన సమ్మె కాలంలో ప్రభుత్వం వారి మీద అత్యవసర సేవల చట్టాన్ని ప్రయోగించింది. జీతం అడిగితే స్వచ్ఛంద సేవకురాలు, సమ్మె చేస్తే అత్యవసర సిబ్బంది!

ఈ తర్కం మనకు కొత్తది కాదు. పురుడు పోసిన మంత్రసాని, బట్టలు ఉతికిన చాకలి, చచ్చిన పశువును ఈడ్చిన మాదిగ, కబురు మోసిన మాల, వీళ్ళందరి పనీ ఊరికి అత్యవసరమే. దానికి వేతనం లేదు. ఏడాదికోసారి కల్లంలో కొలిచి పోసే గింజలే మిగిలేవి. పనిని సేవ అని పిలిచి కూలిని ఎగ్గొట్టడం కుల సమాజానికి వెట్టి రోజుల నుంచీ తెలిసిన విద్య. ఆడవాళ్ళు, అందులోనూ ఎక్కువగా కింది కులాల ఆడవాళ్ళు చేసే పని కనుకనే పసిపిల్లల సంరక్షణ రాజ్యం దృష్టిలో ఇంకా ‘సేవ’గానే ఉంది.

జాతీయ విద్యావిధానం 2020 ఈ పరిస్థితిని మార్చిందా? మూడు నుంచి ఎనిమిదేళ్ళ వయసును పునాది దశగా గుర్తించడం, మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్ళ లోపే జరుగుతుందని చెప్పడం, 2030 నాటికి పిల్లలందరికీ పూర్వ బాల్య విద్య అందాలని లక్ష్యం పెట్టుకోవడం మంచి పరిణామాలే. 2024లో మూడు నుంచి ఆరేళ్ళ పిల్లల కోసం ‘ఆధార్‌శిల’ అనే జాతీయ పాఠ్యప్రణాళిక కూడా వచ్చింది. కానీ 2019 ముసాయిదాలో ఉన్న ఒక కీలకమైన సిఫారసు తుది విధానంలో కనిపించలేదు. విద్యాహక్కు చట్టాన్ని మూడేళ్ళ వయసు నుంచి వర్తింపజేయాలన్న సిఫారసు అది. అంతకు ముందే 2015లో లా కమిషన్ తన 259వ నివేదికలో ఆరేళ్ళ లోపు పిల్లల సంరక్షణను ప్రాథమిక హక్కు చేయడానికి 24ఏ అనే కొత్త అధికరణం చేర్చాలని, పూర్వప్రాథమిక విద్యను ప్రభుత్వాల ఇష్టానికి వదలకుండా తప్పనిసరి చేయాలని సూచించింది. అదీ అక్కడే ఉంది. ఇక తక్కువ చదువున్న అంగన్‌వాడీ టీచర్లకు టీవీ, ఫోను ద్వారా ఏడాది డిప్లొమా, ఇంటర్ చదివినవారికి ఆరు నెలల సర్టిఫికెట్ ఇప్పిస్తామని విధానం చెబుతుంది. మెదడు 85 శాతం ఎదిగే దశకు ఫోను పాఠాలు నేర్చిన తాత్కాలిక టీచరు చాలని, ఆ తర్వాతి దశకే శాశ్వత ఉపాధ్యాయుడు కావాలని అనుకోవడంలో ఏ విజ్ఞానశాస్త్రం ఉంది?

భాష విషయంలోనూ ఇదే వైరుధ్యం. అన్ని విధానాలూ మాతృభాష అంటాయి. లంబాడీ తండాలో బిడ్డ మాతృభాష తెలుగు కాదు. ఆదిలాబాద్ గూడెంలో గోండీ, మన్యంలో కువి, సవర. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో మొదలైన బహుభాషా విద్యా కార్యక్రమం ఎనిమిది గిరిజన భాషల్లో వాచకాలు తయారు చేసి ఇది సాధ్యమేనని చూపింది. అయితే అది ఒకటో తరగతి నుంచి మొదలైంది. మాటలు నేర్చే వయసు దానికి ముందరిది. తెలుగు మాట్లాడే వాడ బిడ్డకు కూడా ఇంటి మాట వేరు, పుస్తకం మాట వేరు. ‘సదువు’ అన్న పిల్లను ‘చదువు’ అనమని సరిదిద్దడంతో మొదలుపెట్టిన బడి, మీ అమ్మ మాట తప్పని ఆ పిల్లకు మొదటి పాఠంగా చెబుతుంది. ఇంటి మాటతో మొదలై క్రమంగా బడి మాటకూ, ఇంగ్లీషుకూ దారి వేయడం నేర్చిన టీచరు ఆ దశలోనే అవసరం.

నా విద్యార్థులు కొందరు ఒక అభ్యంతరం చెబుతారు. మూడేళ్ళకే చదువు హక్కు అంటే పసిపిల్లల నెత్తిన బరువు పెట్టడం కాదా అని. హక్కు అంటే బలపం పట్టించడం కాదు. కథ వినడం, బంకమట్టితో బొమ్మ చేయడం, తోటి పిల్లలతో తగువుపడి కలిసిపోవడం, అడిగిన ప్రశ్నకు పెద్దలు జవాబు చెప్పడం. ఇవే ఆ వయసు చదువు. పై కులాల ఇళ్ళలో తరతరాలుగా పుస్తకాలతో, తీరిక ఉన్న తల్లులతో, అమ్మమ్మలతో ఇంట్లోనే దొరికే ఈ సంపదను కూలి ఇంట్లో అలసట తినేస్తుంది. పదో తరగతి ర్యాంకుల నాడు, ప్రవేశపరీక్షల నాడు మనం ‘ప్రతిభ’ అని పిలిచేదానికి మొదటి విత్తనం ఈ మూడేళ్ళలోనే పడుతుంది. రిజర్వేషన్ల మీద కాలేజీ గుమ్మం దగ్గర జరిగే యుద్ధానికి మనం ఇచ్చే సమయంలో పదో వంతు కూడా అంగన్‌వాడీ గుమ్మానికి ఇవ్వలేదు. ఈ విమర్శ దళిత బహుజన ఉద్యమాలకూ, నాకూ వర్తిస్తుంది. 1882లో హంటర్ కమిషన్ ముందు జోతిరావు ఫూలే చెప్పింది కూడా ఇలాంటి మాటే. శూద్ర రైతుల శ్రమతో వచ్చే రాబడిని పై తరగతుల చదువుకు ఖర్చుపెట్టి, కింది కులాల ప్రాథమిక విద్యను గాలికి వదిలారని ఆయన నిలదీశారు.

కనుక అడగవలసినవి స్పష్టంగా అడుగుదాం. విద్యాహక్కు చట్టం 11వ సెక్షన్‌లో ‘చేయవచ్చు’ స్థానంలో ‘చేయాలి’ రావాలి. ఆరేళ్ళ లోపు పిల్లలు మళ్ళీ ప్రాథమిక హక్కుల పరిధిలోకి రావాలి. ప్రతి అంగన్‌వాడీలో ఆహారం, ఆరోగ్యం పనులకు ఒకరు, బోధనకు శిక్షణ పొందిన టీచరు మరొకరు ఉండాలి. ఇద్దరికీ గౌరవ వేతనం కాదు, వేతనం కావాలి. కేంద్రం వేళలు తల్లుల కూలి వేళలకు సరిపోవాలి, అంటే అది శిశు సంరక్షణ కేంద్రం కూడా కావాలి. కేంద్రాన్ని ఎక్కడ కట్టాలన్నది ఊరి పెద్దల ఇష్టానికి వదలకుండా, వాడ పిల్లలు నడిచి రాగలిగే చోట, ఊరి పిల్లలూ కోరి వచ్చేంత బాగా కట్టాలి. ఏ కేంద్రంలో ఏ కులాల పిల్లలు ఉన్నారో, ఎవరు మిగిలిపోయారో లెక్కలు బయటపెట్టాలి. వ్యానును ఓడించే మార్గం నిషేధం కాదు, అంతకంటే మంచి గదిని అదే ఊళ్లో తెరవడమే.

ఆ రోజు అక్కకు నేను చివరికి ఏం చెప్పానో కూడా చెప్పాలి. వ్యాను ఫీజు నేను కడతానన్నాను. తమ్ముడిగా నాకు చేతనైంది అదే అనుకున్నాను. ఆమె కాసేపు ఊరుకుని, అంగన్‌వాడీలో ఉన్న మిగతా పిల్లల వైపు చూసింది. ‘మరి ఈల్లకు ఎవలు గడ్తరు తమ్మీ?’ అంది.